అర సెకను ఆలస్యం

“నీ వల్లే చచ్చాను.”

వాళ్ళిద్దరి మధ్య మొదటి మాట ఇది. ప్రేమకథలకు ఇంతకంటే మంచి ఆరంభాలు ఉంటాయి గానీ, దొరికినదానితో సరిపెట్టుకోవాలి.

అతను లిఫ్టు మెకానిక్. ఆ మధ్యాహ్నం ఎత్తైన భవనం ఒకదాని నెత్తిమీద, లిఫ్టు మోటారు ఉండే ఇరుకు గదిలో, పనిముట్ల పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. పక్కన తిని మూతపెట్టిన క్యారేజీ, చేతుల్లో చిన్న తెర, తెరకు అటూ ఇటూ మీటలు. అసలు గేమ్ నడిచేది అందులో కాదు. పెద్ద యంత్రం ఇంట్లో టీవీ కింద ఉంటుంది. ఇక్కడ మీట నొక్కితే ఆ నొక్కు ఫోన్ సిగ్నల్ పట్టుకుని ఇంటికి వెళ్ళాలి, అక్కడ బొమ్మ కదలాలి, కదిలిన బొమ్మ మళ్ళీ ఇక్కడి తెర మీదికి రావాలి. ఇన్ని రాకపోకలకు అర సెకను పడుతుంది. సిగ్నల్ అలిగితే ఇంకాస్త.

సరిగ్గా ఆ సందులోనే కొండంత రాక్షసి నిప్పులు కక్కింది. డాలు పట్టుకుని అడ్డం నిలబడాల్సిన అతని వీరుడు నిలబడ్డాడు. కాకపోతే అందరూ మాడిపోయాక నిలబడ్డాడు. ఎక్కడెక్కడి నుంచో కలిసి ఆడుతున్న ఆ జట్టులో, గాయాలు మాన్పే ఆకుపచ్చ గౌను అమ్మాయి అందరికంటే ముందు పడిపోయింది.

“సారీ అండి,” అని టైపు చేశాడు. “మా దగ్గర నుంచి కాస్త ఆలస్యంగా అందుతుంది.”

“ఆలస్యం అమృతం విషం అన్నారు. విషం నాకొచ్చింది. అమృతం నువ్వు తాగావా?”

“నేనూ చచ్చానండి.”

“చచ్చినవాళ్ళ మధ్య ఈ అండీలేంటి? ఇవాళ్టి నుంచి నీ పేరు ఆలస్యం.”

ఆమె పేరు ఆమె బొమ్మ నెత్తిమీద రాసే ఉంది: నిద్రమొహం.

తర్వాత వాళ్ళు పెద్దగా యుద్ధాలు చేసింది లేదు. ఇద్దరికీ అంత ఓపిక లేదు. ఆ గేమ్‌లో కోటలున్నాయి, గుహలున్నాయి, నిధులున్నాయి. వీళ్ళు మాత్రం ఓ మూల చెరువుగట్టు చూసుకుని, రెండు గాలాలు వేసుకుని కూర్చునేవాళ్ళు. చేప పడితే పడింది, లేకపోతే లేదు. మిగతా జట్టువాళ్ళు వీళ్ళకి ‘రిటైరైన దంపతులు’ అని పేరు పెట్టారు. ఆ పేరు చూసి అతను అర సెకను ఆలస్యంగా సిగ్గుపడ్డాడు.

ఆమె ఆస్పత్రిలో ఎక్స్‌రేలు తీస్తుంది. తెల్లవారకముందే డ్యూటీ ఎక్కి, మధ్యాహ్నం దిగి, ఇంటికొచ్చి వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని గేమ్ తెరుస్తుంది. అప్పుడే అతనికి భోజనాల టైము.

“పొద్దుట్నుంచీ ఒకటే పాట,” అనేది. “ఊపిరి పీల్చండి. బిగబట్టండి. ఇక వదలండి. ఊళ్ళో అందరి ఊపిరీ నా చేతిలోనే ఉంది, నాది తీసుకోవడానికే తీరిక లేదు.”

“నాదీ అంతే డాక్టరమ్మా. అందరూ పైకెళ్తారు. నేను మాత్రం చెడిపోయిన చోటే ఉంటాను.”

“డాక్టర్నేంటి? నేను ఎముకల దాకానే. మనసులూ అవీ వేరే డిపార్ట్‌మెంటు.”

“ఆ డిపార్ట్‌మెంటుకి లిఫ్టుందా?”

“ఉంది. చెడిపోయింది. మెకానిక్ ఆలస్యంగా వస్తాడట.”

అది చదివి అతను ఆ మోటారు గదిలో ఒక్కడే నవ్వాడు. నవ్వి చాలా రోజులైందని దవడలు చెప్పాయి.

ఒకరోజు చెరువు మీద వాన మొదలైంది. గేమ్‌లో వాన. “ఇక్కడ నిజంగా కూడా పడుతోంది,” అని ఆమె రాసింది. అతను తలెత్తి చూస్తే మోటారు గది రేకుల మీద టపటపమంటోంది. “ఇక్కడా,” అన్నాడు. “ఉరిమింది,” అని ఆమె రాసేలోపే అతనికీ ఉరుము వినబడింది. ఒకే వాన కింద, ఒకే ఊళ్ళో ఉన్నామని ఇద్దరికీ తెలిసింది. బొమ్మలు రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి, అతనిది కాస్త వెనకబడి.

ఆ తర్వాత అతను ఎవరికీ చెప్పనివి చెప్పడం మొదలుపెట్టాడు. గచ్చు మీద మోకరిల్లి పని చేసీ చేసీ మోకాళ్ళు పోతున్నాయని చెప్పాడు. “ఇంటికెళ్ళేసరికి మాట్లాడే ఓపిక ఉండదు,” అని చెప్పాడు. “ఇంట్లో ఉండేది నేనూ మా అమ్మా. ఏదో అడుగుతుంది, ఊఁ అంటాను. పాపం అనిపిస్తుంది. మర్నాడూ ఊఁ అనే అంటాను.”

విచిత్రం ఏంటంటే, మోకాళ్ళ సంగతి ఆమెకి చెప్పిన మర్నాడే అతని పని ప్యాంటు బరువుగా తగిలింది. తిరగేసి చూస్తే మోకాళ్ళ దగ్గర లోపల మెత్తలు కుట్టి ఉన్నాయి. వాళ్ళమ్మ ఇంట్లోనే బట్టలు కుడుతుంది. అడిగితే, “ఏదో గుడ్డముక్క మిగిలితే కుట్టాన్రా,” అంది. బూట్లు కరుస్తున్నాయని చెరువుగట్టున చెప్పుకున్నాడు, రెండోనాడు బూట్లలో దూది అట్టలు. 

“మా అమ్మకి చెప్పినా తెలీదు,” అని నిద్రమొహం ఈర్ష్యపడింది. “మీ అమ్మగారికి చెప్పకపోయినా తెలుస్తుంది. ఎంత అదృష్టవంతుడివి!”

“తల్లిమనసు,” అని రాశాడు అతను గర్వంగా.

ఆ రోజు పొద్దున్నుంచీ అతనికి తల ప్రాణం తోకకొచ్చింది. రెండు లిఫ్టులు ఒకేసారి మొరాయించాయి. చెరువుగట్టున గాలం వేసి, గోడకు వీపు ఆనించి, రెప్ప అలా వాల్చాడు. మోటారు గది వెచ్చగా ఉంది.

కళ్ళు తెరిచేసరికి అతని వీరుడు చెరువుకి అవతలి గట్టున తడిసి ముద్దై నిలబడి ఉన్నాడు. ఆకుపచ్చ గౌను ఎక్కడా లేదు. తెర అడుగున ఆమె రాసినవి వరసగా ఉన్నాయి.

“ఆదివారం నాకు సెలవు. మనం నిజంగా కలుద్దామా?”

“ఆలస్యం?”

“చాలా ధైర్యం చేసి అడిగాను బాబూ. టైపు చేసే ఓపిక లేకపోతే తల ఊపు, చాలు.”

“ఓహో.”

“ఈదుకుంటూ వెళ్ళిపోయేంత కష్టమైన ప్రశ్నా? సరే. అర్థమైంది.”

నిద్రలో వేలు ఏ మీట మీద పడిందో! ఆమె అడిగిన మాట అతను అడగాలనుకుని, అలసట సాకుతో వాయిదా వేస్తూ వచ్చిన మాట. “నిద్రపోయాను, నిజంగా నిద్రపోయాను,” అని గబగబా టైపు చేశాడు. ‘ఈ ఆటగాడి సందేశాలు ఆపివేయబడ్డాయి’ అంది గేమ్, మర్యాదగా.

మర్నాడు ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అసలు పేరు తెలీదు, ఏ ఆస్పత్రో తెలీదు. గేమ్ తప్ప వాళ్ళ మధ్య ఇంకో దారి లేదు, ఆ దారికి తలుపు పడింది. పని చేస్తున్నాడు, మెట్లెక్కుతున్నాడు, తింటున్నాడు. అన్నీ అర సెకను వెనకగా.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే, వాళ్ళమ్మ తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ తిరిగి, చివరికి ఎదురుగా కూర్చుంది.

“ఆ పిల్ల ఇవాళ కూడా రాలేదు కదరా?”

“ఊఁ.” ముద్ద సగంలో ఆగింది. “ఏ పిల్ల?”

“ఆకుపచ్చ గౌను పిల్ల.”

అతను అమ్మ వైపు చూశాడు. అమ్మ టీవీ వైపు చూసింది. 

“నువ్వు అక్కడ మొదలుపెట్టగానే ఇక్కడ ఆ పెట్టె లేస్తుంది. అది లేవగానే టీవీ కూడా దానంతటదే లేస్తుంది. మొదటిసారి దడుచుకుని చచ్చాను. తర్వాత నీ పేరు చూసి, నువ్వే అని తెలిసింది.”

ఆ వేళకి అతను ఏనాడూ ఇంట్లో లేడు. ఆ సంగతి అతనికెలా తెలుస్తుంది?

“ఇన్నాళ్ళూ... అన్నీ చదివావా?”

“చదవడమేంట్రా! అరచేతి వెడల్పు అక్షరాలు. కుట్టుమిషను టీవీకి ఎదురుగా ఉంది. కళ్ళు మూసుకుని కుట్టమంటావా?”

“చెప్పొచ్చు కదమ్మా!”

“చెప్తే ఆపేస్తావు.” వాళ్ళమ్మ గొంతు తగ్గింది. “నువ్వు నాతో ఊఁ తప్ప ఏమంటావు? ఆ పిల్లతో అన్నీ చెప్తున్నావు. మోకాళ్ళ నొప్పి నీ నోటితో నాకెప్పుడైనా చెప్పావా? నా కొడుకు ఎలా ఉన్నాడో నాకు టీవీలో చూస్తేనే తెలుస్తోంది.”

అతను ముద్ద కంచంలో పెట్టేశాడు. ఆమె చెప్పాల్సింది ఇంకా అయిపోలేదు.

“ఆ రోజు దూకించింది కూడా నేనే. నువ్వు పలకడం లేదు. ఆ పిల్ల తల ఊపమని అడుగుతోంది, పాపం. ఇక్కడి రిమోట్ లాంటిది తీసుకుని తల ఊపబోయాను. అందులో ఏది తలో ఏది కాలో ఏం తెలుసు? ఒకటి నొక్కితే వెనక్కి తిరిగాడు. కంగారులో ఇంకోటి నొక్కితే దూకాడు. ఆపుదామని అన్నీ నొక్కాను, ఈదుకుంటూ పోయాడు.”

ఇంకో రోజైతే నవ్వొచ్చేది. అతను చెయ్యి కడుక్కుని లేచాడు. “అయిపోయిందిలే అమ్మా. ఇక దాన్ని ముట్టుకోకు,” అని మాత్రం అని వెళ్ళి పడుకున్నాడు. కోపం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది, సిగ్గు కంటే బెంగ.

మర్నాడు మధ్యాహ్నం, ఆమె రాదని తెలిసీ, చేతి అలవాటుకి తెర వెలిగించాడు. ఎప్పుడూ యంత్రం లేవడానికి కాసేపు పడుతుంది. ఇవాళ వెంటనే బొమ్మ వచ్చింది. అతని వీరుడు అప్పటికే చెరువుగట్టున కూర్చుని ఉన్నాడు. తెర అడుగున, అతను ముట్టుకోకుండానే, ఒక్కో అక్షరం పడుతోంది. 

“అమ్మాయీ. నేను. వాడి. తల్లిని.”

ఎదురుగా ఆకుపచ్చ గౌను నిలబడి ఉంది. సామాను అమ్ముకుని ఈ గేమ్ వదిలేద్దామని వచ్చినట్టుంది, సంచులన్నీ భుజానే ఉన్నాయి. పోయేముందు నాలుగు తిట్టిపోదామనో ఏమో, ఆపేసిన అతని సందేశాలు మళ్ళీ తెరిచింది. 

“కొత్త నాటకమా, ఆలస్యం?”

“దూకింది వాడు కాదు. నేను. తల ఊపబోయాను.”

“అబ్బో! సరే, వాళ్ళమ్మగారే అయితే చెప్పండి. మోకాళ్ళకి ఏం కుట్టారు?”

చాలాసేపు ఏమీ రాలేదు. అమ్మ అక్షరాలు వెతుక్కుంటోందని అతనికి అర్థమైంది. 

“పాత దుప్పటి. రెండు మడతలు. ఎడమవైపు మూడు. వాడు ఎడమకాలు ముందు ఆనిస్తాడు.”

ఆకుపచ్చ గౌను సంచులు కింద పెట్టింది. 

“ఆంటీ,” అని వచ్చింది. ఆ తర్వాత, “నిజంగా నిద్రపోయాడా?”

“నిద్రే. నువ్వంటే ఇష్టం లేక కాదు. నీతో మాట్లాడిన రోజు వాడి ఊఁ కూడా వేరేగా ఉంటుంది.”

అతను ఆ లైను రెండుసార్లు చదివాడు. తెర కొంచెం మసకబారింది. సిగ్నల్ బాగానే ఉంది. ఇన్నాళ్ళూ అమ్మ అక్కడ కూర్చుని తన మాటలు ఇలాగే చదువుకుంది. ఇప్పుడు తను ఇక్కడ కూర్చుని అమ్మ మాటలు చదువుతున్నాడు. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని చెప్పుకోలేకపోయినవి.

“ఇప్పుడెక్కడున్నాడు?” అని అడిగింది నిద్రమొహం.

“పనిలో. నా మీద కోపంగా.”

అతను తల ఊపే మీట నొక్కాడు. కాదని అడ్డంగా ఊపే మీట. నొక్కు ఇంటికి వెళ్ళింది, వచ్చింది. వీరుడి తల అడ్డంగా ఊగింది, అర సెకను ఆగి.

“ఆంటీ, మీరు ఊపారా?”

“నేను చెయ్యి తీసేశాను.”

“అయితే వచ్చాడు. ఈ నత్తనడక ఇంకెవరికీ రాదు.” ఆకుపచ్చ గౌను అతని పక్కన వచ్చి కూర్చుంది. “ఏమయ్యా, తెలుసా? ‘టీ తాగావా’ అంటే కూడా ఆలస్యంగా ఊపే మనిషి, నేను కలుద్దాం, తల ఊపు అనగానే రెప్పపాటులో దూకి పారిపోయాడనుకున్నా. అదీ నా బాధ. నిద్ర పట్టలేదు. పేరు మార్చుకోవాల్సొచ్చేది.”

“నేనే అడగాల్సింది,” అని టైపు చేశాడు. ఫోను మోగింది, సూపర్‌వైజరు. కట్ చేశాడు. “ముందే అడగాల్సింది. నువ్వంటే నాకు చాలా ఇష్టం. ఆదివారం...”

“ఆగు. ఊపిరి పీల్చు.”

పీల్చాడు.

“బిగబట్టు.”

బిగబట్టాడు. మోటారు గదిలో ఇనప తాళ్ళు కిర్రుమంటూ ఎవరినో పైకి లాగుతున్నాయి. తెర మీద ఏమీ రావడం లేదు. ఛాతీ బరువెక్కింది. సిగ్నల్ పోయిందేమోనని ఫోను వైపు చూడబోయాడు. 

“వస్తాను. ఆంటీ మెత్తలు కుట్టిన ప్యాంటే వేసుకుని రా, గుర్తుపడతా. ఇక వదులు.”

వదిలాడు. ఎన్నాళ్ళనుంచో లోపలే ఉన్నదంతా బయటికి వచ్చినట్టయింది. కింద ఇంకో లైను, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వచ్చింది.

“నేనూ బిగబట్టాను. నన్ను. వదలమనరేం?”

ఆ సాయంత్రం అతను ఇంటికి వచ్చేసరికి వాళ్ళమ్మ మిషను ముందు కూర్చుని, ఆదివారానికి అతని చొక్కా భుజాలు సరిచేస్తోంది. టీవీ ఆరిపోయి ఉంది. బూట్లు విప్పాడు. ఎప్పటిలాగే ఒళ్ళంతా పులిసిపోయి ఉంది. మంచం వైపు రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి, మిషను పక్కన నేల మీద కూలబడ్డాడు.

“ఇవాళ ఏమైందో తెలుసా అమ్మా?” అని మొదలుపెట్టాడు. మూసుకోనని మొండికేసిన లిఫ్టు తలుపు గురించి, సూపర్‌వైజరు తిట్ల గురించి, ఆదివారం అంటే ఎంత భయంగా ఉందో దాని గురించి, ఆవలింతల మధ్య, అడ్డదిడ్డంగా చెప్పుకుంటూ పోయాడు.

పళ్ళ మధ్య దారం పట్టుకుని ఉన్న వాళ్ళమ్మ, మిషను ఆపేసి, “ఊఁ,” అంది.