పరిగె మొప్పలో గింజ

“వదినగారూ, ఆ పరిగె చేపలు ఇలా ఇచ్చేయండి. పులుసు పెట్టేస్తాను,” అంది అమ్మ వంటింట్లోంచి.

“ఆయ్, మొప్పలు నాకుంచుకుని ఇచ్చేస్తాను,” అంది అన్నపూర్ణత్త, మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండా.

అత్త అమలాపురంలో కాలేజీ లెక్చరర్. చేపల ఒంట్లో బతికే, కంటికి ఆనని జీవుల్ని వెతకడం ఆవిడ పని. సెలవు దొరికితే చాలు, పి.గన్నవరంలో దుర్గ వాళ్లింటికి వచ్చి వసారాలో బల్ల వేసుకుంటుంది. మూడేళ్లుగా పరిగె మొప్పల్లో ఉండే ఒకే జీవి వెంట పడింది. పట్టిన పట్టు విడిచే రకం కాదు. ఆ జీవి గింజలా ఉంటుంది. వంద గింజలు వరసగా పేర్చినా ఆవగింజంత ఉండవు. అంత చిన్నదాన్ని అత్త కొలిచి రాస్తుంటే, ఇంత ఓపిక ఈవిడ ఎక్కడ దాచిందా అని ఆరో తరగతి దుర్గకి ఎంతో అబ్బురంగా ఉండేది.

“దుర్గా, నువ్వు చూసి బొమ్మ గియ్యి. నా కళ్లు ఆశపడ్డాయి, వాటిని నమ్మలేను,” అంటూ అత్త కుర్చీ ఇచ్చింది.

దుర్గ చూసింది. గింజలో రెండు సంచులు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పక్కనే తెరిచి ఉన్న పుస్తకంలో బొమ్మకి మాత్రం రెండూ సమానం. తనే తప్పు చూశాననుకుంది. రెండూ సమానంగా, ముచ్చటగా గీసి ఇచ్చింది.

బొమ్మ చూసి అత్త మొహం వాడిపోయింది. “అయితే ఇది కొత్త జాతి కాదు, పుస్తకంలో ఉన్న పాతదే. ఒకటి చిన్నగా ఉందనుకున్నాను. నా భ్రమ,” అని నోటుబుక్కు మూసేసింది.

దుర్గ ఆ నోటుబుక్కు మళ్లీ అత్త ముందుకి జరిపింది.

“అత్తా, నేను చూసింది అది కాదు. ఒకటి చిన్నదే. పుస్తకంలోలా లేదని దిద్దేసేను. బళ్లో అలా గీస్తేనే మార్కులేస్తారు.”

అత్త కసురుకోలేదు. “పుస్తకంలో గీసినవాళ్లు మన కాలవలో చేపని చూడలేదు తల్లీ. నువ్వు చూసేవు. మళ్లీ మొదలెడదాం, ఇరవై గింజలు.”

దుర్గ పుస్తకం మూసి పక్కన పెట్టింది. ఒక్కో గింజా చూస్తూ చెబుతుంటే అత్త రాసుకుంటోంది. పదింటికి పదీ ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అత్త మొహం వెలిగిపోతోంది.

పదకొండోది చూసి దుర్గ ఆగిపోయింది. కన్ను నులుముకుని మళ్లీ చూసింది. అత్త ఆశ ఏమిటో ఇప్పుడు తనకి తెలుసు. ఈ ఒక్కటీ మార్చి చెబితే ఎవరికీ తెలీదు.

“దీంట్లో రెండూ సమానంగానే ఉన్నాయత్తా,” అంది మెల్లగా.

అత్త కలం ఒక్క క్షణం ఆగింది. తర్వాత అదీ రాసుకుంది.

“ఆయ్. పన్నెండోది చెప్పమ్మా.”