పుచ్చు కాదు

ఫర్నిచర్ సర్వేయర్ నిచ్చెన మీద నుంచి పడి చనిపోయాడని పోలీసులు రాసుకున్నారు. మోకాళ్ళ నొప్పులతో రెండు మెట్లు ఎక్కడానికే మూలిగే మనిషి పన్నెండడుగుల నిచ్చెన ఎందుకెక్కాడో మాత్రం రాసుకోలేదు.

ఆ సందేహం మావయ్యకు వచ్చింది.

మావయ్య ఎవరికీ మావయ్య కాదు. సీక్రెట్ సర్వీస్‌లో ఒక సెక్షన్‌కు చీఫ్. ఆ సెక్షన్‌లో కోడ్ పేర్లన్నీ చుట్టరికాలే. ఫోన్ ఎవరు దొంగచాటుగా విన్నా ఇంటి కబుర్లనుకుని విసుగొచ్చి పెట్టేస్తారని ఆయన నమ్మకం. అందుకని ఆయన మావయ్య, ఆయన ముందు కూర్చున్న ఏజెంట్ బావ, విదేశంలో పనిచేసే లేడీ ఏజెంట్ మరదలు. పేర్లు పెట్టుకుంటే సరిపోదు, పిలుపులు కూడా వరసలోనే ఉండాలి. వరస తప్పితే కోడ్ తప్పినట్టేనని ట్రైనింగ్ మొదటిరోజే చెప్పేవాడు.

ఆయన బల్ల మీదకు ఒక చిన్న కాగితం పొట్లం తోశాడు.

"సర్వేయర్ జేబులో దొరికింది అల్లుడూ. విప్పు."

లోపల చిటికెడు కర్రపొడి ఉంది. పొట్లం మీద పెన్సిల్‌తో రెండే మాటలు: పుచ్చు కాదు.

మావయ్య బ్రీఫింగ్ ఎప్పుడూ టెలిగ్రాంలాగే ఉంటుంది. హార్బర్ దగ్గర ఒక ఇంపోర్ట్ కంపెనీ. విదేశాల నుంచి టేకు బల్లలు, పేము కుర్చీలు హోల్‌సేల్‌గా తెప్పిస్తుంది. మొన్న ఒక కంటైనర్ దిగింది. అందులోంచి నలభై పేము కుర్చీలు ఈరోజు సాయంత్రం ఐదింటికి ఒక పచ్చిక మీదకు వెళ్తాయి. అక్కడ రెండు దేశాల మంత్రులు శాంతి ఒప్పందం మీద సంతకం చేస్తారు. అది జరగకూడదని కోరుకునే విదేశీ ముఠా ఒకటి ఉంది. సర్వేయర్ ఆ నలభై కుర్చీల దగ్గరే చచ్చిపోయాడు.

"పేము వెదురులా బోలుగా ఉండదు," అన్నాడు మావయ్య. "లోపలంతా గట్టి. అందులో ఏదైనా దాచాలంటే తొలవాలి. పురుగు తొలిస్తే మైదాపిండిలా రాలుతుంది. దాన్ని పుచ్చంటారు. డ్రిల్లు తొలిస్తే రవ్వలా రాలుతుంది."

బావ పొడిని వేళ్ళ మధ్య నలిపి చూశాడు. రవ్వే.

"మీటింగ్ ఆపించలేరా మావయ్యా?"

"చిటికెడు పొడి చూపించి ఆపమంటే నన్నే ఆపేస్తారు. కొత్త సర్వేయర్‌గా నువ్వు వెళ్ళు. కుర్చీ పట్టుకో. అక్కడ నీకు మరదలు సాయముంటుంది. ఆ విదేశీ ఫ్యాక్టరీలో మన మనిషిగా రెండేళ్ళ నుంచి ఉంది, వాళ్ళ రిప్రజెంటేటివ్‌గానే సరుకుతో పాటు వచ్చింది."

బావ తలూపాడు గానీ అతని మనసు పొడి మీద లేదు. ఆ సంతకాల వేదిక మీద ఇద్దరు మంత్రుల మధ్య ఇంటర్‌ప్రెటర్‌గా కూర్చోబోయేది అతని సొంత చెల్లెలు. కోడ్ చెల్లెలు కాదు, తోడబుట్టిన చెల్లెలు. అన్నయ్య ఏదో గవర్నమెంటు ఆఫీసులో ఫైళ్ళు తిప్పుతాడని అనుకునే పిల్ల. ఆ సంగతి మావయ్యకూ తెలుసు.

పది గంటలకల్లా బావ నెరిసిన మీసంతో, దళసరి కళ్ళద్దాలతో, మోకాలికి క్రేప్ బ్యాండేజీతో గోడౌన్‌లో ఉన్నాడు. చేతిలో కర్ర తేమ కొలిచే మీటర్. దాని అసలు పని వేరు. మావయ్య పంపే మెసేజ్‌లు దాని స్క్రీన్ మీద పడతాయి. తిరిగి పంపడం మాత్రం కుదరదు. కర్రలో తేమ కూడా అది సరిగ్గా చెప్పదు.

అనుమానం పెనుభూతమంటారు. ఆ భూతాన్ని పెంచి పోషించి నెలనెలా జీతం తీసుకునే మనిషి బావ. ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ రెండుసార్లు అటే చూశాడని అనుమానించాడు. సూపర్‌వైజర్ ఒక్కసారి కూడా చూడలేదని అనుమానించాడు. ఇచ్చిన టీ వాసన చూసి సింక్‌లో పోశాడు. కంటైనర్ సీల్ నెంబర్‌ని ప్యాకింగ్ లిస్ట్‌తో మూడుసార్లు సరిచూశాడు. అతను అనుమానించనిది ఒక్క మరదలినే.

ఆమె హైహీల్స్ చప్పుడు గోడౌన్ ఆ చివర నుంచే వినిపించింది. లేతాకుపచ్చ పట్టుబట్టలు, ఖరీదైన సెంటు, చేతిలో వెండి మూతున్న పౌడర్ డబ్బా. పురుగు చావడానికి కొట్టిన ఫ్యూమిగేషన్ మందు కంపులో ఆమె వచ్చి నిలబడితే కూలీలు బల్లలు మోయడం మర్చిపోయారు.

"ఈ మీసం నీకు బాలేదు బావా," అంది పెదవులు కదపకుండా.

ఇదివరకు ఆమెతో మూడు మిషన్లు చేశాడు. ప్రతి మాటకీ బావా, బావా అంటుంది. అది కోడేనని తెలిసినా ఆ పిలుపు వినగానే అతనికి ఒంట్లో హాయిగా ఉండేది. నిజం ఒప్పుకోవాలంటే, ఈ మిషన్ అయ్యాక ఆమెను కోడ్ లేకుండా ఒక మాట అడగాలని కూడా ఉంది.

పని మొదలుపెట్టాడు. ఈ వృత్తిలో కుర్చీని పరీక్షించడానికి పద్ధతొకటుంది. ముందు తిరగేసి కాళ్ళ కింద, కట్ల సందుల్లో పొడి కోసం చూడాలి. వేళ్ళతో తట్టాలి. ఆ తర్వాత నిటారుగా నిలబెట్టి, కూర్చుని, అటూ ఇటూ ఊగాలి. ఆఖరిదాన్ని సిట్ టెస్ట్ అంటారు. కూర్చుని చూడని కుర్చీకి సర్వేయర్ సంతకం పెట్టడు. ఒక్కో కుర్చీకి ఎనిమిది నిమిషాలు పట్టింది. మధ్యలో మీటర్ కిర్రుమంది: *అల్లుడూ, తొందరపడకు. మావయ్య.*

రెండున్నరకు ముప్ఫై ఒకటి అయ్యాయి. రవ్వ ఎక్కడా రాలలేదు. లారీ బయట హారన్ కొడుతోంది. మరదలు కాస్త పక్కకెళ్ళి పౌడర్ డబ్బా తెరిచి ముఖానికి అద్దుకుంటోంది. అప్పుడు మీటర్ మళ్ళీ కిర్రుమంది.

*బావా, అనుమానం తీరింది. సర్వేయర్‌ది ప్రమాదమే. కుర్చీలు పంపెయ్. మావయ్య.*

బావ గట్టిగా ఊపిరి వదిలాడు. పొద్దుటి నుంచి చెల్లెలి ముఖమే కళ్ళముందుంది. ఆ బరువు దిగేసరికి మనిషికి నవ్వొచ్చింది. మిగిలిన తొమ్మిదీ తిరగేయకుండానే డెలివరీ కాగితం మీద సంతకం గీకేశాడు. కుర్చీలకు తెల్లటి కవర్లు తొడిగించాలని మరదలు లారీతో పాటు వెళ్ళిపోయింది.

అతను తీరిగ్గా కూర్చుని, ఈసారి టీ తాగాడు. మూడున్నర దాటింది. పక్కన సూపర్‌వైజర్ ఫోన్ మోగింది.

"చెప్పు అల్లుడూ, అక్క బాగుందా?" అన్నాడు సూపర్‌వైజర్.

బావ టీ పక్కన పెట్టేశాడు. మీటర్ తీసి మెసేజ్ మళ్ళీ చదివాడు. బావా అని ఉంది. కింద మావయ్య అని ఉంది. ఏ మేనమామ అయినా మేనల్లుడిని బావా అని పిలుస్తాడా? మావయ్య నిద్రలో కూడా వరస తప్పడు. తనను బావా అని పిలిచేది లోకంలో ఒక్కరే. చేతికి అలవాటైన పిలుపు, పౌడర్ డబ్బాలోంచి దొంగ మెసేజ్ పంపినా అదే వచ్చేసింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పుచ్చు కుర్చీలో కాదు, డిపార్ట్‌మెంట్‌లోనే ఉంది.

మావయ్యకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. పచ్చిక మీదకు వెళ్ళే ప్రతివాళ్ళ దగ్గరా గేటులోనే ఫోన్లు తీసేసుకుంటున్నారు. చెల్లెలి ఫోన్ కూడా మోగి మోగి ఆగిపోయింది. సూపర్‌వైజర్ స్కూటర్ తాళాలు లాక్కుని బయల్దేరాడు. దారి పొడుగునా తన సంతకాన్ని తానే తిట్టుకున్నాడు.

గేటు దగ్గర గార్డు అడ్డుపడ్డాడు. బావ డెలివరీ కాగితం కాపీ చూపించి, సరుకు చెకింగ్ మిగిలిందన్నాడు. ఏ సంతకం ఆ కుర్చీని లోపలికి పంపిందో ఆ సంతకమే అతన్నీ పంపింది. అప్పటికి ఐదింటికి ఆరు నిమిషాలుంది.

పచ్చిక మీద ముప్ఫై ఐదు కుర్చీలు, వేదిక మీద ఐదు. అన్నిటికీ తెల్ల కవర్లు. అతిథులు దూరంగా కప్పులు పట్టుకుని నిలబడ్డారు. బాంబని అరిస్తే జనం ఒకరినొకరు తోసుకుంటారు, ఎవరు ఏ కుర్చీ మీద పడతారో తెలియదు. మరదలు వేదిక మీద కుర్చీ కవర్‌కు ఆఖరి ముడి వేస్తోంది. బావ నింపాదిగా మెట్లెక్కి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మరదలా, ఒక్క పని మిగిలిపోయింది. సిట్ టెస్ట్. ఈసారి నువ్వు కూర్చో."

ఆమె నవ్వింది. మొదటి కుర్చీలో కూర్చుంది. లేపాడు. రెండోదాంట్లో కూడా దర్జాగా కూర్చుంది. మూడోది, మధ్యలోది. ఆమె మోకాళ్ళు వంగలేదు.

"ఇది ఇంటర్‌ప్రెటర్‌ది. మాసిపోతుంది," అంది.

"పక్కది మంత్రిది. అందులో కూర్చున్నావుగా."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె చెయ్యి గుప్పిట్లోని దేన్నో తడుముకుంది. బావ ఆ గుప్పిటను బలవంతంగా విప్పాడు. అగ్గిపుల్లంత వెదురు మేకు. అది లాగేశాక ఆ కుర్చీ మీద బరువు పడితే చాలు.

సరిగ్గా అప్పుడే వేదిక వెనక నుంచి చెల్లెలు ఫైళ్ళు గుండెలకు హత్తుకుని గబగబా వచ్చింది. తల దించుకుని కాగితాలు చూసుకుంటూనే, వెనక్కి తిరిగి మధ్య కుర్చీలోకి వంగింది.

బావ రెండో చేత్తో చెల్లెలి జబ్బ పట్టి ఒక్క గుంజు గుంజాడు. ఆమె వేదిక అంచు దాటి కింద పచ్చిక మీద కూలబడింది. ఫైళ్ళు కుర్చీ మీద పడబోతే కాలితో తన్నాడు. మేకు దాని బెజ్జంలోకి మళ్ళీ దూరేదాకా ఊపిరి పీల్చలేదు. దూరాక చూస్తే మీసం ఊడి కిందపడి ఉంది.

అతిథుల వెనక నుంచి మావయ్య ఏమీ జరగనట్టు నడిచొచ్చాడు. ఇద్దరు మనుషులు మధ్య కుర్చీని నిటారుగా మోసుకుపోయారు. ఇంకో ఇద్దరు మరదలి చెరో పక్కా నిలబడ్డారు. సంతకాలు ఏడు నిమిషాలు ఆలస్యంగా జరిగాయి. ఇంటర్‌ప్రెటర్ నిలబడే పనిచేసింది.

మరదలిని తీసుకెళ్తుంటే ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగింది.

"ఎలా కనిపెట్టావు బావా?"

"ఆ పిలుపుతోనే," అన్నాడు అతను. ఆ మాట అంటుంటే కోపం రాలేదు, బాధేసింది.

అంతా అయ్యాక చెల్లెలు చీరకంటిన గడ్డి దులుపుకుంటూ అతని దగ్గరకొచ్చింది. ఆమె అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఫైళ్ళు తిప్పే మనిషికి దొంగమీసం ఎందుకో, తనను కింద ఎందుకు పడేశాడో. కానీ అవేవీ అడగలేదు.

"అన్నయ్యా, ఆ అమ్మాయి నిన్ను బావా అంది. అంటే నాకు వదిన అవుతుందా?"

"అయ్యేదేనమ్మా," అన్నాడు బావ. "కుర్చీ దగ్గర పేచీ వచ్చింది."