పేస్టులో నీళ్లు

గూఢచారి శాఖలో ఇరవై రెండేళ్ల సర్వీసులో ఏజెంట్ నోరు తెరిచి అడిగింది ఒక్కటే: నడుం నొప్పికి నెల రోజుల సెలవు. చీఫ్ ఆ కాగితాన్ని పక్కకు జరిపి, బల్ల మీద హ్యాండ్‌వాష్ సీసా పెట్టాడు.

"నగరంలో ఆసుపత్రులన్నిటికీ ఒకే ఫ్యాక్టరీ నుంచి పోతుందిది. ఒక బ్యాచ్‌లో విషం కలపాలని పరాయి దేశపు ముఠా ప్లాను. రేపట్నుంచి నువ్వక్కడ హెల్పరువి."

"ఎవరు కలుపుతారు సార్?"

"అది తెలిస్తే నిన్నెందుకు పంపుతాను? ఆ ముఠాలో మన మనిషి ఒకామె ఉంది. సెంట్ల కంపెనీ తరఫున వస్తుంది. గుర్తుకు నురగ ఎంత అని అడుగు. చాలినంత అంటుంది."

ఏజెంట్ సీసా వంకే చూశాడు. అతని భార్య నర్సు. డ్యూటీలో రోజుకు నలభైసార్లు ఈ సీసానే నొక్కుతుంది. ఇంట్లో చెప్పడానికి రూల్సు ఒప్పుకోవు. అతనికి భయం వేసింది. సెలవు కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు.

మిక్సింగ్ హాలు మేస్త్రీకి నోరెక్కువ గానీ పని కొట్టిన పిండి. డ్రమ్ముల నిండా ముత్యం రంగు చిక్కటి పేస్టు. సోడియం లారిల్ ఈథర్ సల్ఫేట్ అని దానికి మూరెడు పేరు. షాంపూకీ, గిన్నెలు తోమే లిక్విడ్‌కీ, కార్లు కడిగే నురగకీ తల్లి ఇదేననీ, పళ్లపేస్టులో ఉండేది దీని అన్న అనీ మేస్త్రీ చుట్టరికాలు కలిపాడు. దీని తల నీళ్లను పట్టుకుంటుందట, తోక జిడ్డును పట్టుకుంటుందట. అలా జిడ్డును నీళ్లతోపాటు సాగనంపుతుందట. రెండు పక్షాలతోనూ చెలిమి చేసి పని కానిచ్చేది తమ శాఖ మనిషే అనుకున్నాడు ఏజెంట్.

మొదటిరోజే తప్పు చేశాడు. పేస్టు మరీ చిక్కగా ఉందని అందులో నీళ్లు పోశాడు. పలచబడాల్సింది కాస్తా గడ్డకట్టింది. మిక్సర్ బిగుసుకుపోయి ఒక షిఫ్టు పని మూలపడింది.

"నీళ్లలో పేస్టు పొయ్యాలయ్యా, పేస్టులో నీళ్లు కాదు," అని మేస్త్రీ అందరి ముందూ దులిపేశాడు. సెంటు మాత్రం అన్నీ కలిసి చల్లబడ్డాకే పొయ్యాలని, అది కూడా అప్పుడే తలకెక్కించాడు.

మూడోవారం ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లారు. ఏజెంట్ ఉప్పు బస్తాల వెనక నడుం వాల్చాడు. ముందు పరిమళం వచ్చింది, తర్వాత ఆమె వచ్చింది. పట్టు స్కార్ఫు, నల్లకళ్లద్దాలు.

నురగ ఎంత అంటే చాలినంత అంది. విషం కలిపే మనిషి శనివారం గానీ రాడు, వెళ్లి భోంచేయమంది. అతనికి ప్రాణం లేచొచ్చింది. గుమ్మం దాకా వెళ్లి, అలవాటుగా వెనక్కి చూశాడు. ఆమె తెచ్చిన సెంటు డ్రమ్ము గొట్టం పేస్టు లైనుకు తగిలించి ఉంది.

సెంటు అమ్ముకునే మనిషికి సెంటు ఎప్పుడు పోస్తారో తెలియదా?

అతను తిరిగొచ్చేసరికి ఆమె కంట్రోల్ క్యాబిన్‌లోకి దూరి గడియ వేసుకుంది. స్విచ్చులన్నీ లోపలే ఉన్నాయి. సెంటు డ్రమ్ము గొట్టం ఎంత లాగినా ఊడి రాలేదు. పెన్ను పిస్టల్ తీసి నొక్కితే టిక్కుమంది, అంతే. దానికి సర్వీసింగు జరిగి మూడేళ్లయింది. క్యాబిన్ అద్దంలోంచి కనిపించే ప్యానెల్ మీద అంకెలు తగ్గుతున్నాయి. తొంభై సెకన్లు పేస్టు, ఆ తర్వాత సెంటు డ్రమ్ములోది.

"ఇంటికెళ్లి పడుకోండి," అంది ఆమె మైకులో. "మీ మొహం చూస్తే నాకే జాలేస్తోంది."

ఆ మాట నిజమే. పడుకోవాలనే ఉంది. నలభైసార్లు కడుక్కునే చేతులు గుర్తొచ్చాయి. నేల కడిగే నీళ్ల గొట్టం లాక్కొచ్చి పేస్టు డ్రమ్ములో పెట్టి, కర్ర తెడ్డుతో కలియబెట్టాడు. నడుం కలుక్కుమంది. అయినా తిప్పాడు. పేస్టు గడ్డకట్టి పైపుకు అడ్డంపడింది. పంపు మూలిగి, వణికి, ట్రిప్పయింది. ప్యానెల్ మీద ఇంకా నాలుగు సెకన్లున్నాయి.

బయటికి తెరుచుకునే ఆ క్యాబిన్ తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు. ఆ రోజుకు అదే అతని విశ్రాంతి. కబురందుకున్న శాఖవాళ్లు భోజనాల గంట ముగిసేలోగా ఆమెనూ డ్రమ్మునూ సరుకు వ్యానులో ఎక్కించుకుపోయారు. మేస్త్రీ వచ్చి పంపు చూశాడు, అతన్ని చూశాడు. తిట్టే ఓపిక కూడా లేక రిజిస్టరులో రాశాడు: "పేస్టులో నీళ్లు పోశాడు. రెండోసారి. రేపట్నుంచి రానక్కర్లేదు." ఆ మిషన్ గురించి లోకంలో మిగిలిన కాగితం అదొక్కటే.

రెండు రోజుల తర్వాత భార్య డ్యూటీ నుంచి వచ్చి కుర్చీలో కూలబడింది.

"ఏవండీ, హ్యాండ్‌వాష్ రాలేదు. ఫ్యాక్టరీలో ఎవడో పాడుచేశాడట. బిళ్ల సబ్బుతో రుద్ది రుద్ది చేతులు బీటలు తీశాయి. వాడి చేతులు పడిపోను."

ఏజెంట్ వాజలీన్ డబ్బా తెచ్చి, ఆమె చేతులు ఒళ్లోకి తీసుకుని ఒక్కొక్క వేలికీ రాశాడు. చాలా ఏళ్ల తర్వాత అతనికి సంతోషంగా ఉంది.

"ఎవడో పనికిమాలినవాడై ఉంటాడు," అన్నాడు.