టోపీ పెట్టిన బండ

"ఏయ్! ఆ బండ నాది. టోపీ కనిపించలేదా, కళ్లు ఇంట్లో మరిచొచ్చావా?"

ఒకే ఊరివాళ్లమైనా ఏళ్లుగా నేను దూరం నుంచే చూస్తున్న రెమెదియోస్ నాతో అన్న మొదటి మాట అది.

స్పెయిన్‌లోని మా కాదిజ్ తీరంలో ఆటుకు నీరు వెనక్కి తగ్గినప్పుడు బండల సందుల్లో సముద్రపు దురదగొండి ఏరుతాం. చూపుకు మొక్క, నిజానికి జంతువు; ఒంటికి తగిలితే ఒకటే మంట. ఆకుపచ్చ జడలు, కొసన ఊదా రంగు. పిండిలో పొర్లించి వేయిస్తే చచ్చినవాడు కూడా లేచి కూర్చుంటాడు. మా తాత రెండుసార్లు లేచాడు. ముందొచ్చినవాళ్లు బండ మీద టోపీ పెడితే, ఆ పూటకు అది వాళ్లదే. రాజుగారైనా తాకకూడదు.

నేను తాకాను. ఆమె అటు తిరగగానే టోపీ తీసి నీటి అంచున చివరి బండ మీద పెట్టాను. కాసేపు ఉడికిద్దామని, అంతే.

ఆమె తిట్టుకుంటూ వెళ్లింది. టోపీ అందుకుంది. మరుక్షణం కెవ్వుమంది.

పరిగెత్తాను. ఆమె ఎడమ పాదం రెండు బండల మధ్య ఇరుక్కుంది. అప్పటికే పోటు మొదలైంది. తూర్పు గాలి ఈల వేస్తోంది. లాగాను, కదల్లేదు. నీరు మోకాలికొచ్చింది.

"ఎవరినైనా పిలుచుకురా, ఎలాదియో."

"ఊరు అరగంట దూరం. అప్పటికి..." మిగతాది మింగేశాను.

నీరు నడుముకొచ్చింది. అప్పుడు నా పళ్లు టకటకలాడటం ఆమెకు వినిపించింది.

"చలా?"

"భయం. నాకు ఈత రాదు. ఆ టోపీ జరిపింది కూడా నేనే."

"చూశాలే, మొద్దూ. వెళ్లు. నువ్వైనా బతుకు."

వెళ్లలేదు. నా వీపు మీది బుట్టలో పొద్దుటి నుంచి ఏరిన దురదగొండి గుర్తొచ్చింది. జారుడుకు దాన్ని మించింది లేదు. గుప్పెళ్లతో తీసి ఆమె చీలమండ చుట్టూ, బండ సందులో కూరి నలిపాను.

"అమ్మో, మంట! చంపుతావా?"

"తిట్టు! తిడుతూనే లాగు!"

ఒక అల నా నెత్తి మీదుగా పోయింది. ఉప్పునీరు మింగాను, దేవుడి పేరు మరిచాను. ఇంకో అల వచ్చేలోపు పాదం జిగురుతో సర్రున ఊడొచ్చింది. ఇద్దరం పాకుతూ, దేకుతూ ఒడ్డున పడ్డాం.

ఆమె కాలు బీట్‌రూట్‌లా ఎర్రగా వాచింది.

"అంత భయపడ్డావు, పారిపోలేదేం?"

"పారిపోతే ఇంకా భయం."

"దేనికి?"

"నువ్వు లేని ఒడ్డంటే."

ఆమె నవ్వలేదు. నా భుజం మీద చెయ్యేసి కుంటుతూ లేచింది.

"పద. ఈ కాలు ఎవరు కాల్చారో, ఎందుకు కాల్చారో మా నాన్నకు నువ్వే చెప్పు. ఆ తర్వాత అడగాల్సింది కూడా నువ్వే అడుగు."

వాళ్ల నాన్న వేపుడు కొట్టు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, చేపలు కోసే కత్తితో. ఒట్టు, సముద్రమే నయమనిపించింది. అయినా కూతుర్ని నాకిమ్మని అడిగాను.