తొమ్మిది స్క్రూలు

పాత ఇనుప వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చాక మూడో ఏడు అది.

మధ్యాహ్నం పన్నెండున్నర. డ్యామ్ గేట్ల ఆపరేటర్ బస్ స్టాప్‌లో నిలబడి ఉన్నాడు. చేతిలో భోజనం డబ్బా. రోడ్డుకు అవతల ఒక వ్యాన్ ఆగింది. కిటికీ అద్దం రెండంగుళాలు దిగింది. టప్ మని చిన్న శబ్దం. వేలెడు పొడుగు స్పాంజి డార్ట్ ఒకటి వచ్చి ఆపరేటర్ మెడకు తగిలి కిందపడింది. పిల్లలు బొమ్మ తుపాకీల్లో పెట్టి కాల్చుకునేది.

"ఎవరి పిల్లలో గాని గురి బాగుంది" అన్నాడు ఆపరేటర్.

పక్కనున్నవాళ్ళు నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ నవ్వు మొహం మీద ఉండగానే మోకాళ్ళు వంగాయి. ముక్కులోంచి, చెవుల్లోంచి రక్తం. డబ్బా మూత ఊడి రోడ్డు మధ్యదాకా దొర్లింది. బస్సు వచ్చేసరికి మనిషి లేడు.

రెండు వీధుల అవతల చెత్తకుండీలో ఒక బ్లాస్టర్, అంటే స్పాంజి డార్టులు కాల్చే బొమ్మ తుపాకీ, దొరికింది.

* * *

"విప్పు" అన్నాడు పెద్దాయన.

అది గూఢచారి డిపార్ట్‌మెంట్ గది. కింద లాండ్రీ, పైన ఇది. ఇస్త్రీ వాసన ఎప్పుడూ పోదు. బల్ల మీద బ్లాస్టర్ ఉంది. దాని ముందు ఏజెంట్ పదిహేడు కూర్చున్నాడు.

బయట అందరికీ అతను మేస్త్రి. యాభై దాటాయి. బొమ్మ బ్లాస్టర్లు విప్పుతాడు. స్ప్రింగ్ మారుస్తాడు, బ్యారెల్ మారుస్తాడు, కాల్చి చూసి రివ్యూ చెబుతాడు. వీడియోలో మొహం కనపడదు, చేతులే కనపడతాయి. "స్ప్రింగ్ మెత్తన. పిడి చిన్నది. కొనొచ్చు." అంతే రివ్యూ. ఆ కాస్త మాటకే లక్షమంది చూసేవాళ్ళు. అది కవర్ అని డిపార్ట్‌మెంట్ అనుకునేది. కవర్ ఏదో అసలు పని ఏదో మేస్త్రి మరిచిపోయి చాలా ఏళ్ళయింది.

అతను స్క్రూడ్రైవర్ తీసి, మళ్ళీ కింద పెట్టాడు.

"తొమ్మిది స్క్రూలు. తొమ్మిదీ ఉన్నాయి."

"ఉండకూడదా?"

"బ్లాస్టర్లతో ఆడే మావాళ్ళు రోజుకి పదిసార్లు విప్పుతారు. నెల తిరిగేసరికి నాలుగు మిగులుతాయి. మిగతావి ఎక్కడున్నాయో చీపురుకే తెలుసు."

"ఇంకా?"

"తల మీద ప్లస్ గాట్లు చూడండి. తొమ్మిదీ నిలువుగా నిలబడ్డాయి. ఒక్కటి కూడా వంకర లేదు. బిగించాక ఒక్కోదాన్నీ సరిచేశాడు. అది గడియారాలు బాగుచేసే చెయ్యి. మా నాన్నది అదే పని."

పెద్దాయన ఒక కాగితం ముందుకు తోశాడు. విషయం చిన్నదే. మూడేళ్ళ కిందటి వరద వానల వల్ల వచ్చింది కాదు. పరాయి దేశపు ముఠా ఒకటి, పేరు ఆవలిగట్టు, డ్యామ్ గేట్ల కోడ్ సంపాదించి పద్నాలుగు గేట్లూ ఒకేసారి ఎత్తింది. మళ్ళీ ఎత్తాలని చూస్తోంది. ఆ కోడ్ ఎవరి చేతుల్లోంచి పోయిందో చెప్పగలిగినవాళ్ళు ఇద్దరు. ఒకతను బస్ స్టాప్‌లో పోయాడు. రెండో మనిషి గేట్ల ఇంజనీరు. సోమవారం పదకొండింటికి వరద విచారణ కమిషన్ ముందు చెప్పాలి.

"ఇంజనీరు మీ అక్క" అన్నాడు పెద్దాయన.

"తెలుసు."

"ఆదివారం మీ బ్లాస్టర్ పోటీకి ముఖ్య అతిథి."

"పిలిచింది నేనే. మానిపిస్తా."

"మానిపించొద్దు. మానిపిస్తే వాళ్ళు సోమవారం ఏ వీధిలో కొడతారో మనకి తెలీదు. ఆదివారం ఎక్కడ కొడతారో తెలుసు."

"మా అక్కని ఎర వేస్తారా?"

"నువ్వు పక్కనే ఉంటావుగా."

మేస్త్రి బ్లాస్టర్ విప్పి, స్క్రూలు తొమ్మిదీ చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఆ పోటీలో ఒక ఆనవాయితీ ఉంది. ముఖ్య అతిథి స్టేజీ మీద అరచేతిలో కాగితం కప్పు పట్టుకుని నిలబడాలి. ఆ ఏటి మేటి రివ్యూయర్ పది అడుగుల నించి మొదటి డార్ట్ కాల్చి కప్పు పడగొట్టాలి. తర్వాతే పోటీ. ఆ ఏడు మేటి రివ్యూయర్ మెరుపు అనే అమ్మాయి.

* * *

శనివారం పొద్దున మెరుపు మేస్త్రి వర్క్‌షాప్‌కి వచ్చింది. తోలు జాకెట్, ఎర్ర లిప్‌స్టిక్. ఆమె ఛానెల్ ముందు మేస్త్రి ఛానెల్ చీమ. ఆవలిగట్టు ఆమెను తమ ఏజెంట్ అనుకునేది. డిపార్ట్‌మెంట్ కూడా ఆమెను తమ ఏజెంటే అనుకునేది.

"స్ప్రింగ్ ఏ రంగు?" అని మేస్త్రి అడిగాడు. అది కోడ్.

"తుప్పు రంగు" అంది. అది జవాబు. తన బ్లాస్టర్ బల్ల మీద పడేసింది. దానికి నాలుగు స్క్రూలే ఉన్నాయి. రెండు ముక్కలూ విడిపోకుండా జడకి పెట్టుకునే ఎర్ర రబ్బరు బ్యాండు చుట్టింది.

"మిగతా అయిదూ?"

"బిగించే ఓపిక ఎవరికుంది మేస్త్రి గారూ? సాయంత్రానికి మళ్ళీ విప్పాలి." చీటీ ఒకటి చేతిలో పెట్టింది. "మీరు వెతుకుతున్న గడియారాలవాడి కొట్టు. మూడింటికి ఒక్కడే ఉంటాడు. పొండి."

ఆమె వెళ్ళగానే ఫోన్ మోగింది. అక్క.

"ఒరేయ్, రేపు అక్కడ ఏం మాట్లాడాలిరా? గేట్ల గురించి అయితే గంట మాట్లాడతా. బొమ్మ తుపాకీల గురించి ఏం చెప్పను? తమ్ముడు ఏం చేస్తాడని అడిగితే చెప్పలేక చస్తున్నా."

"కప్పు పట్టుకుని నిలబడు చాలు."

"ఎవడైనా గురి తప్పి నా మొహాన కొట్టాడో, చెప్పు తెగుతుంది. ముందే చెప్తున్నా."

ఆమె అన్నంత పనీ చేస్తుంది. చిన్నప్పుడు మేస్త్రి రబ్బరు బ్యాండుతో ఆమె నుదుటికి గురిపెట్టేవాడు. తగిలిన మరుక్షణం ఆమె వంగి చెప్పు తీసేది. కొట్టింది ఎవరని చూడడం తర్వాత సంగతి. ఆమె కోర్టులో శిక్ష ముందు, విచారణ తర్వాత.

* * *

మూడింటికి తెల్లగడ్డం, చేతికర్ర, చంకలో గోడగడియారంతో ఒక ముసలాయన గడియారాల కొట్టులోకి వచ్చాడు. గడ్డం మేస్త్రి మేకప్ డబ్బాలోది. గడియారం డిపార్ట్‌మెంట్‌ది. ముల్లు పన్నెండు మీదకి తిప్పితే లోపలి స్ప్రింగ్ పిడికెడు ఇనుప గుండును ముందుకు తన్నుతుంది.

కంటికి భూతద్దం బిగించుకున్న మనిషి తలెత్తాడు. మొహం చూడలేదు, చేతులు చూశాడు.

"స్ప్రింగ్ మెత్తన, పిడి చిన్నది" అన్నాడు. "నీ చేతులు ఎన్ని వీడియోల్లో చూశానో. గడ్డం చేతులకి పెట్టుకోవలసింది."

వెనక తెరలోంచి ఒకడు దూకి మేస్త్రి మెడకి తీగ వేశాడు. కొట్టులో ఒక్కడే ఉంటాడన్నది అబద్ధం. తీగ చర్మంలోకి దిగింది. మేస్త్రి గడియారం తిప్పి వీపు వెనక్కి పెట్టి ముల్లు పన్నెండు మీదకి తోశాడు. గుండు వాడి డొక్కలో దిగింది. పక్కటెముకలు విరిగిన చప్పుడు వినిపించింది. వాడు అద్దాల బీరువా మీద పడ్డాడు. గాజుపెంకు ఒకటి గొంతులో గుచ్చుకుంది. చేత్తో లాక్కున్నాడు. లాక్కోకుండా ఉండాల్సింది.

గడియారాలవాడు ఊరుకోలేదు. సన్న స్క్రూడ్రైవర్ మేస్త్రి ఎడమ అరచేతిలోంచి బల్లలోకి దించాడు. రెండో చేత్తో ట్రేలోంచి నీలం డార్ట్ అందుకున్నాడు. స్పాంజి ముక్కులోంచి విషపు సూది మొన తళుక్కుమంది. మేస్త్రి కుడిచేత్తో వాడి మణికట్టు పట్టుకున్నాడు. ఇద్దరూ మూలిగారు. మణికట్టు తిరిగింది. సూది గడియారాలవాడి తొడలోనే దిగింది.

"రేపటి బొమ్మ ఎక్కడ?" అన్నాడు మేస్త్రి.

"మధ్యాహ్నమే వెళ్ళిపోయింది." వాడు నవ్వబోయాడు. చెవుల్లోంచి రక్తం వచ్చింది. గోడ మీది గడియారాలన్నీ ఒకేసారి కొట్టుకుంటున్నాయి. వాడి గుండె ఒక్కటే ఆగింది.

మేస్త్రి స్క్రూడ్రైవర్ పీకి చెయ్యి విడిపించుకున్నాడు. బల్ల మీద ఒక ఎర్ర రబ్బరు బ్యాండు పడి ఉంది. చీటీలు కట్ట కట్టడానికేమో అనుకున్నాడు. రక్తం కారుతున్నప్పుడు మనిషి బుర్ర అంతవరకే పనిచేస్తుంది.

ఆ సాయంత్రం వర్క్‌షాప్‌లో ఆ చేతికి కట్టు కట్టింది మెరుపే.

"ఇద్దరున్నారే" అన్నాడు మేస్త్రి.

"నాకు చెప్పింది ఒక్కడనే. క్షమించండి." గుడ్డ బిగించి ముడేసింది. "రేపు కాల్చేవాడు బాల్కనీలో ఉంటాడు. మూడో వరస, బూడిదరంగు టోపీ. కళ్ళు అక్కడే పెట్టుకోండి."

* * *

ఆదివారం పదింటికి హాలు నిండింది. మూడొందల మంది, మూడొందల బ్లాస్టర్లు. గుమ్మం దగ్గర స్పీడ్ టేబుల్ ఉంది. ప్రతి బ్లాస్టర్‌నీ అక్కడ ఒకసారి కాల్చి వేగం చూస్తారు. ఎక్కువైతే లోపలికి రానివ్వరు.

"బాబాయ్, ఇది చాలా ఎక్కువ. స్ప్రింగ్ మార్చండి" అంది టేబుల్ దగ్గరి అమ్మాయి.

మేస్త్రి మార్చాడు. లోపలికి వెళ్ళి, బాత్రూంలో తలుపేసుకుని, పాత స్ప్రింగే మళ్ళీ పెట్టాడు. ఆ హాల్లో సగం మంది ఆ పని చేసే వచ్చారు. ఎవరూ ఒప్పుకోరు, అంతే.

అక్క స్టేజీ ఎక్కింది. కళ్ళకి ప్లాస్టిక్ అద్దాలు పెట్టారు. చేతిలో కాగితం కప్పు పెట్టారు. ఎదురుగా మెరుపు నిలబడింది. మెడదాకా మందపాటి జాకెట్, చేతులకి గ్లవ్స్, కళ్ళకి అద్దాలు. జనం లెక్క మొదలుపెట్టారు.

"అయిదు."

మేస్త్రి స్టేజీ పక్కనుంచి బాల్కనీ కేసి చూశాడు. మూడో వరసలో బూడిదరంగు టోపీ కనిపించింది. దాని కింద మనిషి నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

"నాలుగు."

పక్కవాడు టోపీవాణ్ణి కుదిపాడు. వాడు పక్కకి తిరిగి పడుకున్నాడు. హత్య చెయ్యడానికి వచ్చినవాడు గుర్రు పెట్టడు.

"మూడు."

మేస్త్రి తల తిప్పాడు. మెరుపు బ్లాస్టర్ ఎత్తింది. దాని పక్కభాగం లైట్ల కింద మెరిసింది. రబ్బరు బ్యాండు లేదు. స్క్రూలున్నాయి. తొమ్మిది. తొమ్మిది ప్లస్ గుర్తులూ కవాతులో సిపాయిల్లా నిలువుగా ఉన్నాయి.

"రెండు."

గొట్టం కప్పు మీద లేదు. జానెడు పక్కకి, అక్క గొంతు మీద ఉంది. మెరుపు వేలు సగం నొక్కేసింది. ఆ జాకెట్ మీద స్పాంజి డార్ట్ ఎక్కడ తగిలినా దోమ కుట్టినట్టే. అరిస్తే ఆ గోలలో వినపడదు. పరిగెత్తినా అందుకోలేడు. కాల్చేవాళ్ళని ఆపలేడు. నిలబడ్డ మనిషిని కదిలించాలి.

మేస్త్రి బ్లాస్టర్ ఎత్తి సొంత అక్క నుదుటి మీద కాల్చాడు.

ఫట్ మంది. ఆ స్ప్రింగ్‌ని స్పీడ్ టేబుల్ ఊరికే ఆపలేదు. నుదుటి మధ్య ఎర్ర బిళ్ళ లేచింది. అక్క కప్పు వదిలేసింది. ఎవరు కొట్టారో చూడలేదు. వంగి చెప్పు మీద చెయ్యి వేసింది.

"ఒకటి."

నీలం డార్ట్ ఆమె జడ మీదుగా పోయి వెనక చెక్కబోర్డులో దిగింది. స్పాంజి డార్టులు చెక్కలో దిగవు. ముందువరసలో ఇద్దరు ముగ్గురు లెక్క ఆపేశారు.

మెరుపు రెండో డార్ట్ తోసి అక్క మీదికి తిప్పేలోగా మేస్త్రి ఆమె మీద పడ్డాడు. ఇద్దరూ స్టేజీ మీద దొర్లారు. షో అనుకుని జనం చప్పట్లు కొట్టారు. మెరుపు అతని కట్టు మీద బూటు మడమ వేసి తొక్కింది. కట్టినది తనే కాబట్టి గాయం ఎక్కడుందో తెలుసు. మేస్త్రికి కళ్ళు చీకట్లు కమ్మాయి. ఆమె డార్ట్ గొట్టంలోంచి పీకి అతని మెడలోకి దించబోయింది. అతను తన బ్లాస్టర్ అడ్డం పెట్టాడు. సూది ప్లాస్టిక్‌లో ఇరుక్కుంది. అదే బ్లాస్టర్‌తో ఆమె దవడ మీద కొట్టాడు. ప్లాస్టిక్ పగిలింది, దవడా పగిలింది. మోచెయ్యి వెనక్కి విరిచాడు. ఎముక చప్పుడు మైకులో వినిపించాక చప్పట్లు ఆగాయి.

"ఎలా తెలిసింది?" అంది మెరుపు, రక్తంతో పాటు ఒక పన్ను ఉమ్మి.

"నువ్వు స్క్రూలు బిగించవు."

అప్పుడే ఎగిరొచ్చిన చెప్పు మేస్త్రి మెడ మీద ఠపీమని తగిలింది. అక్క గురి చిన్నప్పటికంటే మెరుగైంది.

* * *

మర్నాడు పొద్దున ఆరింటికి మేస్త్రి కెమెరా పెట్టాడు. ఒంటి చేత్తో మెరుపు బ్లాస్టర్ విప్పాడు. "స్ప్రింగ్ మంచిది. స్క్రూలు తొమ్మిదీ ఉన్నాయి. కొనొద్దు" అన్నాడు. కెమెరా ఆపేశాడు.

ఏడింటికి అక్క ఇంటికి వెళ్ళాడు. పదకొండింటికి ఆమె కమిషన్ ముందు ఉండాలి. మనిషి అప్పుడే తయారై ఉంది. ఫైళ్ళు సర్దుకుంది. నుదుటి మీద బొప్పి నిమ్మకాయంత ఉంది.

"ఏం ఉద్యోగంరా నీది?" అంది గుమ్మంలోనే.

"బొమ్మలు బాగుచేస్తా."

"నన్ను కాల్చావు."

"అవును."

"అంత గట్టిగానా?"

"స్ప్రింగ్ కొంచెం ఎక్కువ."

ఆమె అతని చేతికట్టు వైపు, మెడ మీది తీగ గాటు వైపు చూసింది.  మేస్త్రి సంచిలోంచి ఆమె చెప్పు తీసి, తుడిచి, రెండు చేతులా అందించాడు. జత కలుపుకుంటుందనుకున్నాడు.

రెండోది అప్పటికే ఆమె చేతిలో ఉంది.