మూడొందల మైక్రోలీటర్లు

"ఉదయ్‌భాస్కర్! ఒక ట్యూబుని కాపాడాలి," అన్నాడు చీఫ్ జగన్నాథరావు ఫోన్లో.

"బాంబుదా సార్?"

"కుందేలు రక్తంలోంచి తీసిన యాంటీబాడీ. విదేశీ ముఠా కన్నేసింది. రాజమండ్రి వెళ్ళు. నీ వేషం ఫ్రిజ్ మెకానిక్."

ఏజెంట్ ఫాల్కన్‌కి, అంటే ఉదయ్‌భాస్కర్‌కి, ఒళ్ళు మండింది. పదిహేనేళ్ళ సర్వీసు, రెండు బుల్లెట్ గాయాలు. ఆఖరికి కుందేలు! ఏం ఖర్మ!

2003 జూలై. గోదావరికి వరద. ధవళేశ్వరంలో లోకల్ ఏజెంట్‌ని కలవడానికి ఆఫీసువాళ్ళిచ్చిన కోడ్ వాక్యం, "గోదారి ఎంతుందండి?" వరదల్లో ఆ ఊళ్ళో అడగాల్సిన మాటేనా అది? టీ కొట్టు దగ్గర అడిగిన పాపానికి ఆరుగురు మూగారు. ఒకాయన అడుగుల్లో చెప్పాడు, ఒకాయన క్యూసెక్కుల్లో. ఇంకొకాయన తన చిన్నప్పటి వరద ఎత్తుకుని, బల్ల మీద కూర్చోబెట్టి మరీ వినిపించాడు. గంట గడిచాక నల్లకళ్ళద్దాల అమ్మాయొకతె కారు దిగి, "పావు తక్కువ పన్నెండు," అంది. అదీ సరైన జవాబు! పేరు కౌముది. సింగపూర్ సైంటిస్టు వేషంలో, ఆ ట్యూబు ఉన్న ల్యాబ్‌లోనే ఉంటోంది. అందగత్తె. ఫాల్కన్‌కి ఆ రోజు దొరికిన సంతోషం అదొక్కటే.

ల్యాబ్‌లో డాక్టర్ బాలాత్రిపురసుందరి డీప్ ఫ్రీజర్ తెరిచి, చిటికెన వేలంత ట్యూబు చూపించింది. పక్కన కౌముది.

"కణం లోపల ఒక ప్రోటీన్ ఉందండి. 'పెరుగు' అని కణానికి కబురు మోస్తుంది. క్యాన్సర్‌లో ఆ కబురు ఆగదు. అది పనిలో ఉన్నప్పుడు మాత్రమే ఈ యాంటీబాడీ దాన్ని పట్టుకుంటుంది. నాలుగేళ్ళు, పదకొండు కుందేళ్ళు. ఒక్కదానికే కుదిరింది. అదీ ఉగాదికి పోయింది. మిగిలింది మూడొందల మైక్రోలీటర్లు."

"అంటే?"

"ఆరు చుక్కలండి. సోమవారం ఢిల్లీ కమిటీకి పనిచేయించి చూపించకపోతే నా ప్రాజెక్టు మూసేస్తారు."

మూడు రోజులు కాపలా. ముఠా జాడ లేదు. క్యాంటీన్ ఫ్రిజ్ మాత్రం రెండుసార్లు బాగుచేయించారు. చేతి వాచీలోని సీక్రెట్ రేడియోలో చీఫ్ బదులు వరి నారుమడుల కార్యక్రమం వస్తోంది.

శనివారం మధ్యాహ్నం ఫ్రీజర్‌లో ట్యూబు లేదు. బయట కౌముది కారూ లేదు.

డబుల్ ఏజెంట్!

పళ్ళు కొరుక్కుంటూ ఫాల్కన్ మోపెడ్ ఎక్కాడు. మెకానిక్ వేషానికి అంతకంటే మంచి బండి ఎవరిస్తారు! బ్యారేజీ మీద వరద చూడ్డానికొచ్చిన జనం మధ్య ఆమె కారు ఇరుక్కుంది. జనానికి అవతల ముఠా మనిషి జీపు స్టార్ట్ చేసుకుని ఉన్నాడు. ఆమె దిగి పరుగెత్తింది. ఫాల్కన్ అడ్డం పడ్డాడు.

"తప్పుకో," అంటూ లిప్‌స్టిక్ పిస్టల్ ఎత్తింది.

ఫాల్కన్ విసిరిన స్పానర్ ఆమె మణికట్టుకి తగిలింది. తూటా గోదాట్లోకి పోయింది. వరద బందోబస్తు పోలీసులు ఆమెనీ, ముఠా మనిషినీ జీపెక్కించారు. ఆమె సంచీలో ఐస్ మధ్య ట్యూబు భద్రం.

ఫాల్కన్ చెమటలు కక్కుతూ తెచ్చి డాక్టర్ చేతిలో పెట్టాడు.

"అయ్యో! దీనికోసమా ఇంత శ్రమపడ్డారు? ఇది యాంటీబాడీ పుట్టించే సూది కుందేలుకి వెయ్యకముందు తీసిన రక్తమండి. దేన్నీ పట్టుకోదు."

"మరి లేబుల్ మీద దాని పేరే ఉందిగా?"

"అసలు పేరు రాస్తే పక్క ల్యాబ్ వాళ్ళు ఒక్క చుక్క, ఒక్క చుక్క అంటూ లాగేస్తారండి. మేమంతా దొంగ లేబుళ్ళే వేసుకుంటాం. అసలుదాని మీద 'పాడైంది' అని రాశాను."

"నాకు చెప్పొచ్చు కదండీ!" ఫాల్కన్ అరిచినంత పని చేశాడు.

"ఆ అమ్మాయి మీ పక్కనే ఉందిగా. ఎవరికీ చెప్పలేదు. యెహెజ్కేలుకి కూడా..." ఆవిడ ముఖం పాలిపోయింది. "కమిటీ వస్తోందని ఇవాళ పాడైనవన్నీ తీసెయ్యమన్నానండీ!"

యెహెజ్కేలు ల్యాబ్ అటెండర్. పనికిరానివన్నీ ఆటోక్లేవ్‌లో, అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్‌లాంటి దాంట్లో, ఉడికించి పారేస్తాడు. ఉడికితే యాంటీబాడీ పని సరి.

ఫాల్కన్ వరండా అంతా ఒక్క ఉరుకులో దాటాడు. ఆటోక్లేవ్ మూత బిగించి ఉంది. యెహెజ్కేలు వేలు స్విచ్ మీదుంది.

"ఆపు!"

"ఏంటి సార్, ఫ్యూజ్ పోయిందా?" అన్నాడు యెహెజ్కేలు వేలు తీసి.

బుట్టెడు ట్యూబుల్లో డాక్టర్ రెండు చేతులూ పెట్టి వెతికింది. దొరికింది. ఇంకా చల్లగానే ఉంది. ఆవిడ నేలమీద చతికిలబడి, చిన్నపిల్లలా ఏడ్చేసింది.

కాసేపటికి ఆవిడ కళ్ళు తుడుచుకుని, పాత లేబుల్ పీకి, అటు తిరిగి కొత్తది రాసి అంటించింది.

"ఈసారి యెహెజ్కేలుకి చెబుతానండి," అంది.

"నాకో?"

"మీరు సాయంత్రం వెళ్ళిపోతారు కదండీ."

ఆ సాయంత్రం చీఫ్‌కి రిపోర్ట్ వెళ్ళింది: "ముఠా దొరికింది. వస్తువు భద్రం. ఎక్కడుందో నాకు తెలియదు."