తొమ్మిది సెకన్ల చుక్కాని

“కల అన్నారు కదా, అందుకే మూడో వరసలోకి పంపాను,” అంది గుమ్మం దగ్గరి పలుకుపెట్టె, ఏ పాపం ఎరగనట్టు.

“కల కాదు తల్లీ, కళ! మా లంకలో పుట్టినోడికి నాలిక మడతపడకపోతే నా తప్పా? గంటసేపు దిండ్లు పట్టుకున్నోళ్ళ మధ్యన నిలబెట్టేశావు!”

లోవరాజు అరుపుకి, కలలు నమోదు చేయించుకోవడానికి వచ్చినవాళ్ళలో ఇద్దరు నిద్రలేచారు. పక్కనున్న బావ భద్రం మాత్రం నవ్వలేదు. “మూడున్నరయింది లోవా, నడు,” అన్నాడు. కళ అని తేలని ఆటల్ని ఐదింటికి చెరిపేస్తారు.

రసమాపకాలు వచ్చి పాతికేళ్ళయింది. మణికట్టుకి కట్టుకునే ఆ బిళ్ళ నాడినీ చెమటనీ కనురెప్పల అదురునీ చూసి, మనిషిలో ఏ రసం ఎంత పొంగిందో అంకె వేసి చెబుతుంది. పెళ్ళికి అంకె, తద్దినానికి అంకె. ఇంట్లో కాచుకునే మిరియాల రసం ఒక్కటే కొలతకి అందకుండా మిగిలిందని లోవరాజు అంటే, హాస్యం సున్నా అని చూపించేది ఆయన బిళ్ళే.

నిల్వగృహాల్లో చోటు చాలక చట్టం వచ్చింది. ప్రేక్షకుల సగటు అరవై దాటితే కళ, దాటకపోతే కాలక్షేపం. కాలక్షేపాన్ని చెరిపేస్తారు. పాటలు, పద్యాలు, సినిమాలు గట్టెక్కాయి. గండమల్లా వీడియో గేములకే. ఆటకి అంకె తగిలిస్తే ఆటంకమేనని లోవరాజు ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు. ఇవాళ ఆయన చేసిన ‘రేవు’ వంతు.

పరీక్షాధికారి మాణిక్యాంబ దరఖాస్తు తిరగేసింది. “గేమంటే బొటనవేళ్ళ కసరత్తు కదండీ, కళ ఎలా అవుతుంది?”

“సినిమాని ఏవనేవాళ్ళం మేడంగారూ? మొదటాట, రెండో ఆట! తోలుబొమ్మలదీ ఆటే. అందరూ లోపలికెళ్ళి కుర్చీలేసుకు కూర్చుని, అసలు ఆటని గుమ్మంలో నిలబెట్టారు. ఆటలో ఆటే అరటిపండా అండీ?”

ఆమె బిళ్ళమీద హాస్యం మూడు దగ్గర మినుకుమంది. “‘ఈ ఆటలో గెలుపు లేదు’ అని రాశారే?”

“ఓడ నడిపే ఆటండీ. ఓడ అన్నాక ఓడకుండా ఉంటుందా?”

“ఓడిపోయే ఆట ఎవరాడతారు?”

“మా బావ. ఇరవై ఎనిమిదేళ్ళుగా, రోజుకొక్కసారి.”

ఎందుకో మాత్రం లోవరాజు రాయలేదు. జాలి చూపించి మార్కులు వేయించుకోవడం ఆయనకి ఇష్టం లేదు. ముప్పయ్యేళ్ళ క్రితం వరదలో రేవు పడవ కూలిన వంతెన స్తంభానికి కొట్టుకుని విరిగింది. పన్నెండుమందిలో పదకొండుమంది ఒడ్డెక్కారు. ముందు బల్లమీద నీలం చీరలో కూర్చున్న మంగతాయారు ఎక్కలేదు. ఆమె లోవరాజుకి అక్క, భద్రానికి భార్య. చుక్కాని పట్టినవాడు లోవరాజు.

రెండేళ్ళు భద్రం ఆయనతో మాట్లాడలేదు. లోవరాజు ఆనాటి నీటి వేగం, పడవ బరువు, స్తంభం వాలు అన్నీ కొలతలతో సహా ఆటలో పోసి, బావ ముందు పెట్టి, “నువ్వే పట్టు,” అన్నాడు. భద్రం పట్టాడు, ముంచాడు. మళ్ళీ పట్టాడు. నలభయ్యో రోజున తలెత్తి, “టీ తాగుతావా?” అని అడిగాడు. అప్పట్నుంచీ మధ్యాహ్నం ఒక ఆట, ఒక టీ. ఆట పోతే ఆ టీ పోతుంది. ఆ టీ పోతే ఆ మనిషితో మాట పోతుంది. లోవరాజు భయమంతా అదే.

పద్ధతి ప్రకారం ఆడేవాళ్ళకి బిళ్ళ ఉండదు. చేతుల వణుకు కొలతని చెడగొడుతుందట. అందుకని ‘సర్వక్రీడి’ అనే యంత్రం ఆటని అన్ని రకాలుగా ఆడి, అన్నిటికన్నా నిండుగా వచ్చిన ఆటని తెరమీద చూపిస్తుంది. పన్నెండుమంది చూస్తారు. భద్రం కూడా వాళ్ళతో కూర్చున్నాడు.

“తొంభై లక్షల ఆటలు ఆడాను,” అంది సర్వక్రీడి. “ఒక గెలుపు ఉంది.”

“అబద్ధం!” లోవరాజు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. “కొలతలు నావి! గెలుపు లేదు!”

తెరమీద స్తంభం దగ్గరపడింది. యంత్రం చుక్కాని వదిలేసింది. తొమ్మిది సెకన్లు ఏమీ చెయ్యలేదు. పడవ తనంతట తాను గింగిర్లు తిరిగి, స్తంభాన్ని చుట్టుకుపోయే ప్రవాహంలో పడి, దాన్ని ఒరుసుకుంటూ దాటి, అవతలి ఇసుకమేట ఎక్కింది. నీలం చీర మనిషి కుచ్చెళ్ళు పిండుకుంటూ దిగింది. ఆ దిగే బొమ్మ లోవరాజు గీసిందే. ఒక్కసారైనా చూద్దామన్న ఆశతో ఇరవై ఎనిమిదేళ్ళ క్రితం గీసి పెట్టుకున్నాడు.

భద్రం మణికట్టుమీద బిళ్ళ ఎర్రగా వెలిగింది. కరుణ, తొంభై తొమ్మిది. ఆయన ఏడుపు చూసి పక్కవాళ్ళకీ కళ్ళు చెమర్చాయి. సగటు అరవై ఎనిమిది. చప్పట్లు.

“కళేనండీ!” మాణిక్యాంబ సంబరంగా అంది. “శాశ్వత నిల్వ! గెలిచిన ఆటని కూడా జతచేసి అన్ని ఊళ్ళకీ పంపిస్తాం.”

“చెరిపెయ్యండమ్మా,” అన్నాడు లోవరాజు. ఈసారి మాటలో శ్లేష లేదు. “కళ కాదు, కాలక్షేపం. తప్పు రాశాను. మీ కాళ్ళు పట్టుకుంటాను, చెరిపెయ్యండి.”

“కళని చెరపడం నేరమండీ.”

భద్రం లేచాడు. బిళ్ళ విప్పి బల్లమీద పెట్టాడు. లోవరాజు వైపు చూడకుండా వెళ్ళి ఆట ముందు కూర్చుని, దానికి బిగించిన చుక్కాని పట్టుకున్నాడు. అయిపోయిందనుకున్నాడు లోవరాజు. ఇప్పుడు అందరి ముందూ గెలుస్తాడు. గెలిచాక ఇక తన మొహం చూడడు.

స్తంభం దగ్గరపడింది. వదలాల్సిన చోటు వచ్చింది. భద్రం చేతి నరాలు తాళ్ళలా తేలాయి. ఒకటి, రెండు, మూడు. నీలం చీర మనిషి వెనక్కి తిరిగి చూసింది. భద్రం చుక్కానిని బలంకొద్దీ పక్కకి లాగేశాడు. పడవ విరిగింది. నీలం చీర మునిగింది.

హాల్లో నవ్వులు లేచాయి. “దారి చూపించాక కూడా ముంచేశాడే పెద్దాయన!” అన్నారెవరో.

భద్రం అందరివైపూ తిరిగాడు.

“నవ్వకండి. మీరు పొరబడ్డారు. ఇందాక నేనేడ్చింది బొమ్మ బాగుందని కాదండీ. ఆ నీలం చీర మా ఆవిడ. ఆవేళ ఈ చుక్కాని పట్టింది మా బామ్మర్ది, అడుగో, లోవరాజు. ఆ తొమ్మిది సెకన్లు చూశాక వీణ్ణి నా ఇంటి గడప తొక్కనివ్వకూడదనుకున్నాను. చుక్కాని వదిలేసి గెలుద్దామనే వచ్చి కూర్చున్నాను. దారి తెలుసు, వదిలేస్తే బతుకుతుందనీ తెలుసు. ఆవిడ అలా చూస్తుంటే చేతులు వదల్లేదండీ. దారి తెలిసిన నాకే వదల్లేదు, వాడికెలా వదుల్తాయి?” కళ్ళతో తన కుడిచేతిని చూపించాడు. వేళ్ళు ఇంకా చుక్కానిని బిగించి పట్టుకునే ఉన్నాయి. “ఆట అయిపోయింది కదా, చూడండి. ఇంకా వదల్లేదు.”